అజీజియా తీరాన తిమింగలం ఎందుకు కనిపించదు?

సౌదీ అరేబియా తూర్పు తీరంలో అల్ ఖోబర్ నగరానికి దక్షిణాన అల్ అజీజియా ఉంది. కింగ్ ఫహద్ వారధి ఇక్కడే నేలను వదిలి సముద్రమెక్కి, 25 కిలోమీటర్లు సాగి బహ్రెయిన్‌లో దిగుతుంది. 1986 నవంబరులో వారధి తెరిచినప్పటి నుంచి ఈ తీరం మీదుగా రాకపోకలు మామూలైపోయాయి. దమ్మామ్, ఖోబర్, జుబైల్ పట్టణాల్లో కొలువులున్న తెలుగు కుటుంబాలకు శుక్ర, శనివారాల సెలవుల్లో పిల్లల్ని తిప్పడానికి దగ్గర్లో దొరికేది సముద్రపొడ్డే. ఆ ఒడ్డున నిలబడిన పిల్లలకు సహజంగా వచ్చే సందేహం ఒకటుంది: ఈ నీళ్లలో తిమింగలాలు ఉంటాయా? ఉండవని చెప్పి ఊరుకుంటే అందులో అబద్ధం పెద్దగా లేదు, విజ్ఞానమూ లేదు. ఎందుకు ఉండవో చెప్పగలిగితే మాత్రం ఆ ఒక్క జవాబులో గల్ఫ్‌తో పాటు ఎర్ర సముద్రం, అరేబియా సముద్రం, మన బంగాళాఖాతం కూడా వచ్చేస్తాయి. తిమింగలం ఎక్కడ ఉండాలో తేల్చేది సముద్రం వైశాల్యమో, లోతో, చల్లదనమో అనుకుంటాం. అన్నిటికంటే ముందు తేల్చేది తిండి. అందుకే కుటుంబంతో తిమింగలాల్ని చూడబోయేవాళ్లు పడవ టికెట్టు కొనే ముందు ఆ నీటి సంగతి తెలుసుకోవాలి.

గల్ఫ్ అని మనం పిలుచుకునే ఈ సింధుశాఖ వయసు చాలా తక్కువ. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన రోజుల్లో, బోలెడంత నీరు హిమఖండాలుగా నేల మీద పేరుకుపోయి ఉండేది. ప్రపంచ సముద్ర మట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. గల్ఫ్ సగటు లోతేమో 35 మీటర్లే. మరీ లోతైన చోట్ల కూడా వంద మీటర్ల దరిదాపులే. అంటే అప్పట్లో ఇక్కడ సముద్రమే లేదు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నీరు పారే లోయ ఉండేది. మంచు కరిగే కొద్దీ హోర్ముజ్ జలసంధి గుండా సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న తీరాలు ఏర్పడి దాదాపు 6,000 ఏళ్లు. ఇక్కడి ఎండకు ఏటా మీటరున్నర అటూ ఇటూగా నీరు ఆవిరైపోతుంది. వానలూ నదులూ ఆ లోటును తీర్చలేవు. మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుంటే గల్ఫ్‌లో 40 దాటుతుంది. అజీజియాకు దక్షిణంగా సౌదీకీ ఖతర్‌కూ నడుమ సన్నబడుతూ పోయే సల్వా సింధుశాఖలో 50 గ్రాములు మించుతుంది. వేసవిలో పైనీటి వేడి 35 డిగ్రీలకు చేరుతుంది, చలికాలంలో తీరం వెంబడి 15 డిగ్రీల దాకా పడిపోతుంది.

ఇంత వేడి, ఇంత ఉప్పు, ఇంత తక్కువ లోతు ఉంటే తిమింగలం ఎలా బతుకుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే తొందరపడకూడదు. ఇదే నీటిలో డాల్ఫిన్లు ఏడాది పొడవునా ఉంటున్నాయి. అవీ తిమింగలాల కుటుంబంలోవే. ఊపిరితిత్తులతో గాలి పీల్చేవే, వేడి రక్తం ఉన్నవే, పిల్లలకు పాలిచ్చేవే. ఉప్పూ వేడీ నేరుగా ప్రాణం తీసేవైతే వాటికీ ఇక్కడ చోటు ఉండకూడదు. లోతు సంగతి చూద్దాం. మూపురపు తిమింగలాలు, అంటే హంప్‌బ్యాక్‌లు, లోకంలో చాలాచోట్ల తీరానికి దగ్గరగా పాతిక, ముప్పై మీటర్ల నీటిలో హాయిగా తిరుగుతాయి. కాబట్టి ఈ మూడు కారణాలూ పైకి కనిపించేవే తప్ప అసలైనవి కావు. అసలు కారణం తెలియాలంటే గల్ఫ్ నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో చూడాలి.

ఆవిరైపోయిన నీటికి బదులుగా ఒమన్ సింధుశాఖ నుంచి కొత్త నీరు హోర్ముజ్ గుండా పైపొరగా లోపలికి వస్తుంది. ఎండ పడే పైపొరలో ఎప్పుడూ ఎరువు తక్కువే. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు వంటి పోషకాలను అక్కడి సూక్ష్మ ప్లవకాలు ముందే వాడేసుకుని ఉంటాయి. లోపలికి వచ్చిన నీరు ఎండకు చిక్కబడి, ఉప్పెక్కి, బరువెక్కి అడుగుకు దిగుతుంది. చచ్చిన ప్లవకాలు, చేపల విసర్జన, అవి కుళ్లితే వచ్చే పోషకాలు కూడా కిందికే చేరతాయి. ఆ బరువైన అడుగు నీరు తిరిగి హోర్ముజ్ గుండా బయటికి జారిపోతుంది. అంటే గల్ఫ్‌లోకి వచ్చేది సారం తగ్గిన నీరు, బయటికి పోయేది సారం ఉన్న నీరు. ఈ లెక్క ఏటికేడాది ఇలాగే నడుస్తుంది. లోతు తక్కువ కావడం వల్ల గాలికి అడుగు కదిలి కొంత పోషకం పైకి వస్తుంది, ఎడారి ధూళి కొంత తెచ్చి పోస్తుంది. అందుకే గల్ఫ్‌లో చేపలున్నాయి, రొయ్యలున్నాయి, తరతరాలుగా బతికిన జాలరి కుటుంబాలున్నాయి. అయితే చిన్న చేపలు చెదురుమదురుగా ఉండటం వేరు, ఒకేచోట టన్నుల కొద్దీ గుంపు కట్టడం వేరు. తిమింగలానికి కావలసింది రెండోది.

పెద్ద తిమింగలాల్లో చాలావాటికి పళ్లుండవు. పైదవడ నుంచి వేలాడే పలకల అంచులు నార నారగా ఉండి నీటిని వడగడతాయి. నోటినిండా నీరు పట్టి, ఆ పలకల గుండా బయటికి నెట్టి, మిగిలిన చిన్న జీవుల్ని మింగుతాయి. ఇలా తినడంలో ఒక ఖర్చుంది. నోరు తెరిచి దూసుకుపోయిన ప్రతిసారీ నీటి ఒత్తిడికి శరీరం వేగం పడిపోతుంది, మళ్లీ వేగం అందుకోవడానికి శక్తి పోతుంది. నోట్లో పడిన తిండి ఆ ఖర్చుకు మించి ఉండాలి. ఉత్తర పసిఫిక్‌లో మేత కాలంలో నీలి తిమింగలం రోజుకు సుమారు 16 టన్నుల క్రిల్ (రొయ్యజాతి చిరుజీవులు) తింటుందని 2021లో వెలువడ్డ పరిశోధన లెక్కగట్టింది. అంత తిండి దొరకడానికి సముద్రంలో ఆ జీవులు ఉంటే చాలదు, దట్టంగా గుమిగూడి ఉండాలి. పలచగా పరుచుకున్న చేపల్ని ఒక్కొక్కటిగా వేటాడే డాల్ఫిన్‌కు గల్ఫ్ సరిపోతుంది. బారులు బారులుగా కావలసిన తిమింగలానికి సరిపోదు.

ఈ వాదం నిజమో కాదో పరీక్షించడానికి అరేబియా ద్వీపకల్పం రెండో వైపున్న ఎర్ర సముద్రం పనికొస్తుంది. లోతు లేకపోవడమే కారణమైతే అక్కడ తిమింగలాలు ఉండాలి. ఎందుకంటే ఎర్ర సముద్రంలో 2,500 మీటర్లకు మించిన అగాధాలున్నాయి. ఉప్పు, వేడి విషయంలో మాత్రం రెండిటికీ పోలిక ఉంది. నీటి ప్రయాణం కూడా అంతే. బాబ్ ఎల్ మందబ్ దగ్గర, 137 మీటర్ల లోతున్న అడుగు దిమ్మ మీదుగా, పైనీరు లోపలికి వచ్చి ఉప్పెక్కిన అడుగు నీరు బయటికి పోతుంది. ఫలితం కూడా ఒక్కటే. పెద్ద పలకల తిమింగలాలు ఎర్ర సముద్రంలో అరుదుగానే కనిపిస్తాయి. తిండి దొరికే చోట మాత్రం దృశ్యం మారిపోతుంది. సౌదీలోనే జెద్దాకు దక్షిణంగా అల్ లిత్ దగ్గరి షిబ్ హబిల్ దిబ్బల చుట్టూ వసంతంలో తిమింగల సొరచేపలు చేరతాయి. ఇవి తిమింగలాలు కావు, చేపలే. కాని ఇవి కూడా నీటిని వడగట్టి చిరుజీవుల్ని తింటాయి. కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010 నుంచి 2015 వరకు అక్కడ 136 సొరచేపల్ని ఒంటి మీది చుక్కల అమరికను బట్టి విడివిడిగా గుర్తించారు. చాలావరకు నాలుగు మీటర్ల పొడవున్న పిల్లలే. లోతైన సముద్రమంతా వదిలి ఒక దిబ్బ చుట్టూ, ఒక ఋతువులో ఇవి మూగుతున్నాయి. అప్పుడు అక్కడ ప్లవకాలు చిక్కగా దొరుకుతాయన్నది దీనికి సహజమైన వివరణ.

ఇక మూడో పరీక్ష అరేబియా సముద్రం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు ఒమన్, సొమాలియా తీరాలకు దాదాపు సమాంతరంగా వీస్తాయి. భూభ్రమణం వల్ల పైనీరు తీరానికి దూరంగా నెట్టుకుపోతుంది. ఖాళీ అయిన చోటును పూడ్చడానికి అడుగు నుంచి చల్లటి, సారవంతమైన నీరు ఉబికి వస్తుంది. ఎండ తగిలిన ఆ నీటిలో ప్లవకాలు విపరీతంగా పెరుగుతాయి, వాటి వెనుక కవళ్లు, కానాగంతలు గుంపులు కడతాయి. కృష్ణా గోదావరి పరీవాహకాలకు వానలు తెచ్చే గాలులే ఒమన్ తీరంలో తిమింగలాలకు మేత పండిస్తున్నాయి. హల్లానియత్ దీవులు, మసీరా ద్వీపం చుట్టుపక్కల నీటిలో ఉండే మూపురపు తిమింగలాలు ప్రపంచంలో మరెక్కడా లేని తీరులో బతుకుతాయి. మిగిలిన సముద్రాల్లోని వాటి బంధువులు వేసవిలో ధ్రువాల వైపు పోయి మేసి, చలికాలంలో ఉష్ణమండలానికి వచ్చి పిల్లల్ని కంటాయి. ఇవి మాత్రం ఏడాదంతా ఉష్ణమండల సముద్రంలోనే ఉండి, అక్కడే తిని అక్కడే కంటాయి.

దీనికి మొదటి గట్టి సాక్ష్యం ఒక నేరం నుంచి వచ్చింది. 1960ల నడుమ సోవియట్ వేట నౌకలు అంతర్జాతీయ నియమాలు ఉల్లంఘించి అరేబియా సముద్రంలో 242 మూపురపు తిమింగలాల్ని చంపాయి. ఆ లెక్కలు దాచిపెట్టారు. సోవియట్ యూనియన్ కూలిపోయాక 1990లలో బయటపడ్డాయి. చంపిన వాటి కడుపులు కోసి చూసినవాళ్లు అందులో చేపలు, రొయ్యజాతి చిరుజీవులు ఉన్నట్టు రాసిపెట్టారు. గర్భంలోని పిల్లల పరిమాణాన్ని బట్టి ఇవి ఉత్తరార్ధగోళపు ఋతువుల ప్రకారమే ఈనుతున్నాయని తేలింది. దక్షిణ ధ్రువం నుంచి వచ్చినవైతే ఆ లెక్క ఆరు నెలలు అటూ ఇటూ కావాలి. తర్వాత జన్యు పరీక్షలు ఈ గుంపు సుమారు 70,000 ఏళ్లుగా మిగిలిన వాటితో కలవకుండా ఉందని చెప్పాయి. తోక అడుగు మచ్చల ఫొటోలతో ఒమన్‌లో వేసిన లెక్కలో తేలింది 82 మాత్రమే. 2017లో ఒమన్‌లో ఉపగ్రహ పరికరం అమర్చిన లుబాన్ అనే ఆడ తిమింగలం అరేబియా సముద్రాన్ని అడ్డంగా దాటి గోవా తీరానికి, అక్కడి నుంచి కన్యాకుమారి వైపు వెళ్లి, మరుసటి ఏడాది మొదట్లో తిరిగి ఒమన్ చేరింది. అంత దూరం ఈదగల జంతువుకు హోర్ముజ్ దాటడం కష్టమేమీ కాదు. అయినా గల్ఫ్‌లోకి రావడం దాని అలవాట్లలో లేదు.

ఈ వాదానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని తప్పించుకోకూడదు. హవాయి దీవుల చుట్టూ ప్రతి చలికాలం వేల మూపురపు తిమింగలాలు చేరతాయి. అక్కడి నీరు తేటగా, సారం లేకుండా ఉంటుంది. ఆ నెలల్లో అవి దాదాపు ఏమీ తినవు. తిండే అన్నిటినీ నిర్ణయిస్తే తిండి లేని చోటికి అవి ఎందుకు పోతున్నాయి? జవాబు వాటి ఒంట్లోని కొవ్వులో ఉంది. అలాస్కా తీరంలో వేసవంతా మేసి దాచుకున్న కొవ్వును ఖర్చు పెడుతూ అవి హవాయిలో గడుపుతాయి. అంటే తిండి లెక్క తప్పలేదు, కాకపోతే ఆ లెక్క వేరే సముద్రంలో తీరింది. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగానికి ఆ సౌకర్యం లేదు. పైకి పోదామంటే ఆసియా ఖండం అడ్డుగోడ. ఉత్తర ధ్రువానికి నీటి దారే లేదు. ఇక్కడి గుంపుకు కాన్పు చోటు, మేత చోటు ఒకే సముద్రంలో దొరకాలి. అందుకే ఈ ప్రాంతంలో తిమింగలం ఉనికిని తిండితో వివరించడం మరింత బలపడుతుంది. హవాయి ఉదాహరణ దాన్ని కొట్టేయదు, దాని హద్దును చూపిస్తుంది.

మన బంగాళాఖాతం నాలుగో పరీక్ష. ఇది లోతైనదే, మహాసముద్రంతో విశాలంగా కలిసినదే. అయినా విశాఖ నుంచో కాకినాడ నుంచో పడవెక్కి తిమింగలాల్ని చూసివచ్చే వాడుక మనకు ఏర్పడలేదు. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైన పొరగా పరుచుకుంటుంది. అడుగు నీటిని పైకి రప్పించడానికి గాలి ఆ పొరను చీల్చాలి; అరేబియా సముద్రంలో చేసినంత సులువుగా ఇక్కడ చేయలేదు. గల్ఫ్‌లో ఉప్పు చేసిన పనిని ఇక్కడ మంచినీరు చేస్తోంది: రెండుచోట్లా సారం ఎండకు అందకుండా పోతోంది. బంగాళాఖాతంలో తిమింగలాలు అసలు లేవని దీని అర్థం కాదు. బంగ్లాదేశ్ తీరంలో సముద్రగర్భ లోయ ఒకటి తీరానికి దగ్గరగా చొచ్చుకొచ్చిన చోట బ్రైడ్ తిమింగలాలు, డాల్ఫిన్లు ఉంటాయి. 2014లో ఆ దేశం దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి దాదాపు 25 అడుగుల తిమింగలం కళేబరం కొట్టుకొచ్చినప్పుడు జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. మన తీరంలో చాలామందికి తిమింగలం కనిపించేది ఇలా చచ్చి ఒడ్డుకు చేరినప్పుడే.

గల్ఫ్‌లో బ్రైడ్ తిమింగలాన్ని చూసినవాళ్లున్నారు కదా అని ఇంకొకరు అడగవచ్చు. ఉన్నారు. మూపురపు తిమింగలాల రికార్డులూ కొన్ని ఉన్నాయి. బ్రైడ్ తిమింగలం ధ్రువాలకు పోని జాతి. వెచ్చటి నీటిలో చిన్న చేపల గుంపుల వెంట తిరుగుతూ ఒక్కోసారి హోర్ముజ్ దాటి లోపలికి వస్తుంది. బాటసారి ఉన్నంత మాత్రాన ఊరికి జనాభా పెరిగినట్టు కాదు. మనిషే వాటిని తరిమేశాడా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఓడల రద్దీ, చమురు బావులు, తీరం పూడ్చివేతలు గల్ఫ్‌లో ఉన్నంతగా తక్కువ సముద్రాల్లోనే ఉంటాయి. కాని గల్ఫ్ నీటి ప్రయాణం చమురు తవ్వకాల కంటే కొన్ని వేల ఏళ్లు పాతది. తిమింగలాలు లేకపోవడానికి భూగోళం కారణం. ఉన్న జంతువులు తగ్గడానికి మనిషి కారణం. ఈ రెంటినీ కలిపేస్తే మొదటిదానికి మనల్ని మనం తిట్టుకుంటాం, రెండోదాన్ని పట్టించుకోవడం మానేస్తాం.

ఉన్న జంతువుల్లో అజీజియా ప్రాంతానికి నిజంగా గొప్పదనం తెచ్చేది డుగాంగ్, సముద్రపు ఆవు. ఈ నీటి లోతులేమే దీన్ని పోషిస్తోంది. నీరు లోతు లేకపోతే ఎండ అడుగు దాకా దిగుతుంది. ఎండ దిగిన చోట సముద్రపు గడ్డి పెరుగుతుంది. గల్ఫ్‌లోని ఉప్పుకు, వేడికి తట్టుకుని విరివిగా పెరిగే గడ్డి జాతులు మూడే, కాని అవి మేపే మంద పెద్దది. డుగాంగ్ మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, రోజుకు 30, 40 కిలోల గడ్డి తింటుంది. కిందికి వంగిన వెడల్పాటి మూతితో ఆకును, వేరును కలిపి పెకలిస్తూ ముందుకు సాగితే గడ్డిలో నాగటి చాలులా ఇసుక తేలిన బాట మిగులుతుంది. నీరు తేటగా ఉన్నప్పుడు ఆ చాళ్లు పైనుంచి కనిపిస్తాయి, జంతువు కనిపించకపోయినా అది అక్కడ మేసిందని చెబుతాయి. చూడటానికి డుగాంగ్ చిన్న తిమింగలంలా ఉన్నా రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. తిమింగలం గిట్టల జంతువుల వైపు నుంచి నీటిలోకి దిగింది. దాని పూర్వపు బంధువైన ఇండోహ్యస్‌కు 1971లో పేరు పెట్టినవారు భారతీయ భూశాస్త్రవేత్త ఎ. రంగారావు. డుగాంగ్ ఏనుగుకు బంధువు. నీటిలో బతుకు రెంటికీ ఒకే ఆకారాన్ని ఇచ్చింది, తిండి మాత్రం రెంటినీ వేర్వేరు సముద్రాలకు చేర్చింది.

ఈ మంద సంగతి లోకానికి తెలిసింది ఒక ప్రమాదం వల్ల. ఇరాన్ ఇరాక్ యుద్ధంలో 1983లో నౌరూజ్ చమురు బావుల నుంచి నూనె గల్ఫ్‌లోకి కారింది. ఆ తర్వాత తీరాలకు డుగాంగ్ కళేబరాలు పదుల సంఖ్యలో కొట్టుకొచ్చాయి. గల్ఫ్‌లో మొత్తం డుగాంగ్‌లే బహు కొద్దిగా ఉన్నాయనుకుంటున్న రోజులవి. ఉన్నవన్నీ పోయాయేమోనన్న భయం పుట్టింది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆంథనీ ప్రీన్ విమానాల్లోంచి తీరమంతా వెతికించారు. పశ్చిమ, దక్షిణ గల్ఫ్‌లో సుమారు 5,800 డుగాంగ్‌లు ఉన్నట్టు తేలింది. ఆస్ట్రేలియా తర్వాత ఇంత పెద్ద జనాభా మరెక్కడా తెలియదు. బహ్రెయిన్, ఖతర్‌ల నడుమ ఒకే గుంపులో 674 కనిపించాయి. ఆ నీళ్లు అజీజియా వారధికి ఆగ్నేయంగా ఉన్నవే. ఇదే ప్రాంతంలో సముద్రపు ఆవుల చరిత్ర ఇంకా పాతది. ఖతర్ ఎడారిలో దొరికిన 2 కోట్ల 10 లక్షల ఏళ్ల నాటి శిలాజాలకు 2025లో సల్వా పేరుతోనే సాల్వాసైరెన్ అని నామకరణం చేశారు. సముద్రం వచ్చి పోయి మళ్లీ వచ్చినా, లోతులేని ఎండ నీరు ఏర్పడినప్పుడు గడ్డి మొలిచింది, గడ్డి మేసేవి చేరాయి. మన దేశంలో పాక్ బే, మన్నార్ సింధుశాఖల్లో మిగిలిన కొద్దిపాటి డుగాంగ్‌ల కోసం తమిళనాడు 2022లో 448 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. గల్ఫ్ సంపద విలువ ఎంతో ఈ పోలికతో తెలుస్తుంది.

ఒడ్డు నుంచి మామూలు కుటుంబానికి డుగాంగ్ కనిపించడం అరుదు. మూతి మాత్రమే పైకి తేల్చి గాలి పీల్చుకుని మళ్లీ మునుగుతుంది. డాల్ఫిన్లు కనిపించే అవకాశం ఎక్కువ. గల్ఫ్ తీరనీటిలో సీసామూతి డాల్ఫిన్, మూపురపు డాల్ఫిన్ ఉంటాయి. వీపు రెక్క కింద మెత్తటి దిబ్బ, ఆ దిబ్బ మీద చిన్న రెక్క కనిపిస్తే అది మూపురపు డాల్ఫిన్. దిబ్బ లేకుండా కొడవలి వంపు రెక్క పొడవుగా ఉంటే సీసామూతిది. అసలు వీపు రెక్కే లేకుండా నల్లటి నున్నటి వీపు ఒక్క క్షణం కనిపించి మునిగితే అది రెక్కలేని పార్పాయిస్ కావచ్చు. అజీజియా తీరం తూర్పుకు తిరిగి ఉంది కాబట్టి పొద్దున్న ఎండ కళ్లలో కొడుతుంది, కాని నీరు నిలకడగా ఉంటుంది. సాయంత్రం ఎండ వీపున ఉంటుంది, కాని గాలి లేచి తెల్లటి నురగలు ప్రతిదీ డాల్ఫిన్‌లా భ్రమింపజేస్తాయి. షమాల్ అనే బలమైన గాలి వీచే రోజున వెతకడమే వృథా. గాలి లేని చలికాలపు ఉదయం, సూర్యుడు ఇంకా తీక్షణం కాకముందు, నీటి మీద ఒకేచోట చూపు నిలపకుండా ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పడం మేలు. పక్షులు గుంపుగా నీటిలోకి మునుగుతున్న చోట కింద చేపలున్నాయి. చేపలున్న చోట డాల్ఫిన్ ఉండవచ్చు. ఇక్కడ కూడా వెతకాల్సింది ముందు తిండినే.

ఇంత శ్రమ ఎందుకు, ఏ ప్రదర్శనశాలకో తీసుకెళ్తే పిల్లలు డాల్ఫిన్‌ను గజం దూరంలో చూస్తారు కదా అనే తల్లిదండ్రులుంటారు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. చిన్నపిల్లల ఓపిక తక్కువ, ఎండ ఎక్కువ, సెలవు కొద్దిదే. అయినా నీటి తొట్టిలో చూసినప్పుడు జంతువు కనిపిస్తుంది, దాని జీవితం కనిపించదు. ఎక్కడ తింటుంది, దేన్ని వెతుకుతుంది, గుంపులో ఎలా మెలుగుతుంది అనేవి ఆ తొట్టిలో ఉండవు. ధ్వనిని బట్టి దారి తెలుసుకునే జంతువును సిమెంటు గోడల మధ్య పెడితే దానికేమవుతుందో ఊహించవచ్చు. 2013లో భారత ప్రభుత్వం వినోదం కోసం డాల్ఫిన్లను బంధించే కేంద్రాలకు అనుమతి ఇవ్వరాదని నిర్ణయించింది. పిల్లలకు నేర్పాల్సిన విషయం జంతువూ దాని నీరూ విడదీయరానివని అయినప్పుడు, వాటిని విడదీసి చూపించే చోటు ఆ పాఠానికే ఎదురు.

సముద్రంలోకి పడవల మీద వెళ్లి చూడటం మాత్రం ఇబ్బంది కాదా? అవుతుంది, దూరం పాటించకపోతే. అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో వాణిజ్య వేటను నిలిపేయాలని తీర్మానించి 1986 నుంచి అమలుచేసింది. ఆ తర్వాత తిమింగలం ప్రాణంతో ఉంటేనే లాభమని చూపించింది ఈ చూసే వ్యాపారమే. 2008 నాటికే 119 దేశాల్లో కోటీ 30 లక్షల మంది ఇలా చూశారని, దాని విలువ 210 కోట్ల డాలర్లని ఒక ప్రపంచ నివేదిక లెక్క చెప్పింది. కాని ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో 2006లో వెలువడ్డ అధ్యయనం, చూసే పడవలు పెరిగిన చోట డాల్ఫిన్లు తగ్గాయని తేల్చింది. శ్రీలంకలో మిరిస్స దగ్గర నీలి తిమింగలాల చుట్టూ పడవలు మూగడం తరచూ విమర్శకు గురవుతోంది. అక్కడే పెద్ద ఓడల దారి కూడా ఉండటంతో 2022లో ఒక పెద్ద నౌకాసంస్థ తన ఓడల్ని మరింత దక్షిణంగా మళ్లించింది. మన శ్రీకాకుళం, బరంపురం కుటుంబాలు పోయే చిలికా సరస్సులో ఇరావతి డాల్ఫిన్లు సుమారు 150 ఉన్నాయి; సాతపడా నుంచి బయల్దేరే పడవ నడిపేవాడి చేతిలోనే వాటి ప్రశాంతత ఉంది. ఆస్ట్రేలియా నియమాల్లో తిమింగలానికి 100 మీటర్లు, డాల్ఫిన్‌కు 50 మీటర్ల కంటే దగ్గరికి పడవ పోకూడదు. ఆ దూరంలో ఇంజను నెమ్మదించి ఆగితే, జంతువుకు దగ్గరికి రావాలో దూరం పోవాలో నిర్ణయించుకునే వీలుంటుంది. టికెట్టు కొనేముందు పడవవాణ్ణి ఈ దూరం పాటిస్తాడా అని అడగడం కుటుంబాల చేతిలో ఉన్న పని.

కాబట్టి అజీజియా నుంచి బయల్దేరే కుటుంబానికి తర్కం చూపే దారి ఇది. ఇంటి దగ్గరి సముద్రంలో డాల్ఫిన్లను ఒడ్డు నుంచి వెతకవచ్చు. వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మస్కట్ చేరితే, తీరానికి దగ్గరగానే నీరు లోతెక్కే చోట గిరగిరా తిరుగుతూ గెంతే స్పిన్నర్ డాల్ఫిన్ల పెద్ద గుంపుల్ని పడవల్లోంచి చూడవచ్చు. అదృష్టముంటే బ్రైడ్ తిమింగలం, స్పెర్మ్ తిమింగలం కూడా కనిపించవచ్చు. ఒమన్‌లోని దోఫార్ తీరపు మూపురపు తిమింగలాల కోసం మాత్రం పరుగెత్తకపోవడమే మంచిది. వంద కూడా లేని గుంపుకు ప్రతి పడవా ఒక భారం, ప్రతి వలా ఒక ముప్పు. యుఏఈ జలాల్లో 1986, 1999ల మధ్య డాల్ఫిన్లు 71 శాతం తగ్గిన అనుభవం పక్కనే ఉంది. సమృద్ధిగా ఉన్నవాటిని వెళ్లి చూడాలి, కొద్దిగా మిగిలినవాటి గురించి చదివి తెలుసుకోవాలి. లుబాన్ ఈదిన దారిలో ఒమన్, భారతదేశం రెండూ ఉన్నాయి. ఆ దారిలో కవళ్లు పట్టే వలలు ఎంత ఉండాలో, ఎక్కడ ఉండకూడదో రెండు తీరాలూ కలిసి తేల్చుకుంటేనే ఆ గుంపుకు మేత మిగులుతుంది. మేత మిగిల్చిన సముద్రంలోనే తిమింగలం మిగులుతుంది.